ఇల్లు ఇక్కడ, చదువు అక్కడ: మన పిల్లలు ఎక్కడి స్థానికులు?

పదో తరగతి ఫలితాలు వెలువడగానే ఉప్పునుంతల, అచ్చంపేట, కల్వకుర్తి ప్రాంతాల ఇళ్లలో ఏటా ఒకే చర్చ మొదలవుతుంది. బాబును ఏ కాలేజీలో చేర్పించాలి? పాపను ఎవరి ఇంట్లో ఉంచి చదివించాలి? హైదరాబాదా, కర్నూలా, విజయవాడా? ఫీజు ఎంత, హాస్టల్ ఎలా ఉంటుంది, తెలిసినవారు దగ్గర్లో ఎవరున్నారు అని పది రకాలుగా ఆలోచిస్తాం. అడగవలసిన పదకొండో ప్రశ్నను మాత్రం చాలామంది మరచిపోతున్నారు. పిల్లవాడు రాష్ట్రం దాటి చదివితే, తిరిగి వచ్చాక అతడిని ఈ రాష్ట్రం తనవాడిగా లెక్కిస్తుందా?

తాత ముత్తాతల ఖబరస్తాన్ ఇక్కడే ఉంది, పొలం ఇక్కడే ఉంది, రేషన్ కార్డు, ఓటు ఇక్కడే ఉన్నాయి, ఇక మా పిల్లవాడు స్థానికుడు కాకుండా ఎలా పోతాడు అని పెద్దలు ఆశ్చర్యపోవచ్చు. ఆ ఆశ్చర్యం సహజమే. కాని ప్రవేశాల నిబంధనలు మన ఇల్లు ఎక్కడ ఉందని అడగవు. పిల్లవాడు ఏ సంవత్సరం ఏ ఊరి బడిలో కూర్చున్నాడని అడుగుతాయి. ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న తేడా తెలియక, మంచి ర్యాంకు తెచ్చుకున్న పిల్లలు సైతం కౌన్సెలింగ్ వేళ దిక్కుతోచక నిలబడిపోతున్నారు. అందుకే ఈ వారం ఈ విషయాన్ని కొంత వివరంగా పరిశీలిద్దాం.

నది దాటితే రాష్ట్రం మారింది

మన ఉమ్మడి పాలమూరు జిల్లాకు ఒక ప్రత్యేకత ఉంది. దీని దక్షిణపు అంచున కృష్ణ, తుంగభద్ర నదులు ఉన్నాయి. అలంపురం వైపు తుంగభద్ర దాటితే కర్నూలు. ఉప్పునుంతల, అచ్చంపేటల వారు శ్రీశైలం రోడ్డు మీద వెళ్లి కృష్ణ దాటితే అవతల ఆంధ్రప్రదేశ్. గద్వాల వారికి రాయచూరు ఎంత దగ్గరో చెప్పనవసరం లేదు. ఈ నదులకు ఇరువైపులా మన సంబంధాలు తరతరాలుగా అల్లుకుని ఉన్నాయి. కర్నూలులో ఖాలా ఉంటుంది, రాయచూరులో మామూజాన్ ఉంటారు. హాస్టల్ ఖర్చు భరించలేని కుటుంబం, ముఖ్యంగా ఆడపిల్లను తెలియని చోట ఉంచడానికి మనసొప్పని కుటుంబం, ఇంటర్ చదువుకు బంధువుల ఇంటికి పంపడం ఎంతో కాలంగా ఉన్నదే. కర్నూలులో 1947లో డాక్టర్ అబ్దుల్ హక్ చొరవతో ఏర్పడిన ఉస్మానియా కళాశాల పేరు నదికి ఈవలి కుటుంబాలకూ సుపరిచితమే.

2014 జూన్ 2కు ముందు ఇది ఒకే రాష్ట్రంలో ఒక ఊరి నుంచి మరొక ఊరికి వెళ్లడం. ఇప్పుడు ఇది ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి వెళ్లడం. ప్రయాణ దూరం ఒక్క మైలు కూడా పెరగలేదు. చట్టం దృష్టిలో దూరం మాత్రం చాలా పెరిగింది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అలంపురం ప్రాంతపు అమ్మాయి ఒకటి నుంచి పది వరకు సొంత ఊళ్లో చదివింది. ఇంటర్ రెండేళ్లు కర్నూలులో ఖాలా ఇంట్లో ఉండి పూర్తి చేసింది. నీట్‌లో మంచి మార్కులు తెచ్చుకుంది. ఉమ్మడి రాష్ట్రంలో అయితే ఆమెకు ఏ ఇబ్బందీ ఉండేది కాదు. నాలుగేళ్ల లెక్క కుదరకపోతే ఏడేళ్ల లెక్క చూసేవారు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏడేళ్లలో ఐదేళ్లు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంతంలో, రెండేళ్లు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతంలో చదివింది కనుక, ఎక్కువ కాలం చదివిన ఉస్మానియా ప్రాంతానికే ఆమె స్థానికురాలు అయ్యేది.

నేడు అదే అమ్మాయి తెలంగాణలో ఎం.బి.బి.ఎస్. కన్వీనర్ కోటాకు స్థానికురాలు కాదు. చివరి నాలుగేళ్లలో రెండేళ్లు, పైగా అర్హత పరీక్ష కూడా, బయటి రాష్ట్రంలో గడిచాయి. మరి ఆంధ్రప్రదేశ్‌లో స్థానికురాలు అవుతుందా? అక్కడ చదివింది రెండేళ్లే కనుక అక్కడా లెక్క నిండదు. ఇల్లు ఒక రాష్ట్రంలో, కాలేజీ మరొక రాష్ట్రంలో ఉన్న ఆ పిల్ల రెండు చోట్లా స్థానికేతరురాలిగా మిగిలిపోతుంది. తల్లిదండ్రులు చేసిన తప్పు ఏదైనా ఉంటే, పిల్లను నమ్మకమైన ఇంట్లో ఉంచి చదివించడమే!

ముల్కీ నుంచి 371-డి దాకా

ఈ నిబంధన ఆకాశం నుంచి ఊడిపడలేదు. హైదరాబాద్ సంస్థానంలో 1919 నాటి నిజాం ఫర్మానా ప్రకారం సర్కారు కొలువులకు ముల్కీలే అర్హులు. పదిహేనేళ్లు సంస్థానంలో స్థిరంగా నివసించిన వ్యక్తి కూడా ముల్కీ హోదా పొందవచ్చు. 'ముల్క్' అంటే దేశం. ఈ దేశపువాడు ముల్కీ, కానివాడు గైర్ ముల్కీ. ఈ మాటల చుట్టూ 1952లో ఒక ఆందోళన, 1969లో మరింత పెద్ద ఆందోళన నడిచాయి. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పు ఇవ్వగానే ఆంధ్ర ప్రాంతంలో జై ఆంధ్ర ఉద్యమం భగ్గుమన్నది.

ఆ రెండు ఉద్యమాల మధ్య రాజీగా 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం వచ్చింది. దానికి అనుగుణంగా 32వ సవరణ ద్వారా రాజ్యాంగంలో 371-డి అధికరణ చేరింది. దాని కింద విద్యాసంస్థల ప్రవేశాలకు 1974లో, ఉద్యోగాలకు 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వెలువడ్డాయి. ప్రవేశాల విషయంలో రాష్ట్రాన్ని ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల ప్రాంతాలుగా విభజించి, 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయించారు. అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్లు వరుసగా ఆ ప్రాంతంలో చదివినవారు స్థానికులు. ఆ కాలంలో ఏ విద్యాసంస్థలోనూ చదవనివారికి నాలుగేళ్ల నివాసాన్ని ఆధారంగా తీసుకున్నారు. ఇవి కుదరనివారికి పైన చెప్పిన ఏడేళ్ల లెక్క ఉండేది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పాత ముల్కీ నిబంధన మనిషి నివాసాన్ని చూసింది. కొత్త ఉత్తర్వు ముందుగా చదువును చూసింది. నివాసాన్ని నిరూపించడం కష్టం, దొంగ సర్టిఫికెట్లు తేవడం సులభం అన్న అనుభవం ముల్కీ రోజుల్లోనే ఉంది. బడి రిజిస్టరు అంత తేలికగా మారదు. కనుక కొలతబద్దగా బడిని ఎంచుకోవడంలో అర్థం లేకపోలేదు. అయితే బడి కోసం బిడ్డ ఇల్లు వదిలి రాష్ట్రం దాటవలసి వచ్చే రోజు ఒకటి వస్తుందని నాటి ఉత్తర్వు రాసినవారు ఊహించి ఉండరు.

2024లో ఏం జరిగింది?

రాష్ట్ర విభజన చట్టంలోని 95వ సెక్షన్ పాత ప్రవేశాల విధానాన్ని పదేళ్లు కొనసాగించింది. ఆ గడువు 2024 జూన్ 2తో ముగిసింది. తరువాత రెండు నెలలు తిరగకుండానే, 2024 జూలై 19న, తెలంగాణ ప్రభుత్వం 33వ నంబరు జీవో జారీ చేసి వైద్య, దంత వైద్య కోర్సుల ప్రవేశ నిబంధనలను సవరించింది. వరుసగా చివరి నాలుగేళ్లు, అంటే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా, తెలంగాణలో చదివి ఉండాలి లేదా నాలుగేళ్లు ఇక్కడ నివసించి ఉండాలి. అర్హత పరీక్ష కూడా ఇక్కడే ఉత్తీర్ణులై ఉండాలి.

విజయవాడ కార్పొరేట్ కాలేజీల్లో, రాజస్థాన్‌లోని కోటాలో, గల్ఫ్ దేశాల్లోని పాఠశాలల్లో చదివిన తెలంగాణ పిల్లలు ఒక్కసారిగా స్థానికేతరులయ్యారు. కొందరు హైకోర్టు తలుపు తట్టారు. 2024 సెప్టెంబర్ 5న హైకోర్టు, తెలంగాణలో శాశ్వత నివాసం ఉన్నవారికి ఈ నిబంధన వర్తించదని, శాశ్వత నివాసి ఎవరో తేల్చేందుకు ప్రభుత్వం మార్గదర్శకాలు రూపొందించాలని చెప్పింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ నెలలోనే సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పుపై స్టే ఇచ్చింది. కోర్టుకు వచ్చిన 135 మంది విద్యార్థులకు ఆ ఒక్క సంవత్సరానికి వెసులుబాటు ఇచ్చేందుకు ప్రభుత్వం అంగీకరించింది.

తుది తీర్పు 2025 సెప్టెంబర్ 1న వెలువడింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ బి.ఆర్.గవాయ్, జస్టిస్ కె.వినోద్ చంద్రన్‌లతో కూడిన ధర్మాసనం హైకోర్టు తీర్పును కొట్టివేసి, నాలుగేళ్ల నిబంధన చెల్లుతుందని స్పష్టం చేసింది. విచారణ సాగుతుండగా ప్రభుత్వం ప్రతిపాదించిన కొన్ని మినహాయింపులను కూడా ఆమోదించింది. అంటే ఈ వివాదం ఇప్పటికి తెగిపోయినట్లే. 'ఏదో ఒకటి చేసుకుందాంలే, కోర్టుకు వెళదాంలే' అనుకునే రోజులు పోయాయని కుటుంబాలు గ్రహించాలి.

నిబంధన అన్యాయమేనా?

మేము ఈ నిబంధనను పూర్తిగా తప్పుపట్టడం లేదు. దీని వెనుక ఒక న్యాయం ఉంది. ఉప్పునుంతల ప్రభుత్వ పాఠశాలలో పది, అచ్చంపేటలో ఇంటర్ చదివి నీట్ రాసే పిల్లవాడు, లక్షలు పోసి బయట కోచింగ్ తీసుకున్న పిల్లవాడితో సమానంగా పోటీపడలేడు. ఇక్కడే చదివినవాడికి ఇక్కడి సీట్లలో ముందు చోటు ఇవ్వాలనడం సబబే. ఇక్కడ పెరిగి ఇక్కడ చదివిన డాక్టరు ఇక్కడి ఆసుపత్రుల్లోనే పనిచేసే అవకాశం ఎక్కువన్న వాదనా ఉంది. నివాసాన్ని బట్టి వ్యత్యాసం చూపడం పుట్టిన చోటును బట్టి వివక్ష చూపడంతో సమానం కాదని సుప్రీంకోర్టు 1955లోనే డి.పి.జోషి కేసులో చెప్పింది. 1984లో ప్రదీప్ జైన్ కేసులో భారతీయులందరికీ ఒకే డొమిసైల్ ఉంటుందని గుర్తుచేస్తూనే, ఎం.బి.బి.ఎస్. స్థాయిలో పరిమితంగా నివాస ప్రాతిపదికను అనుమతించింది. పీజీ వైద్య సీట్లలో మాత్రం అది కుదరదని 2025 జనవరిలో తేల్చింది.

అయితే న్యాయం ఒక చేత్తో ఇచ్చినదాన్ని మరో చేత్తో తీసుకోకూడదు. మినహాయింపుల జాబితాను చూడండి. బయటి రాష్ట్రాల్లో పనిచేసిన తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు మినహాయింపు ఉంది. తెలంగాణ కేడర్ ఐ.ఏ.ఎస్., ఐ.పి.ఎస్., ఐ.ఎఫ్.ఎస్. అధికారుల పిల్లలకు ఉంది. తెలంగాణను స్వస్థలంగా చూపి చేరిన సైనిక, పారామిలిటరీ సిబ్బంది పిల్లలకు ఉంది. దేశంలో ఎక్కడికైనా బదిలీ అయ్యే రాష్ట్ర కార్పొరేషన్ల ఉద్యోగుల పిల్లలకూ ఉంది. ఇవన్నీ సమంజసమే. తండ్రి ఉద్యోగ ధర్మం వల్ల ఊరు వదిలిన బిడ్డను శిక్షించకూడదు కదా!

మరి పాలమూరు కూలీ సంగతి ఏమిటి? వానలు లేక, పనులు దొరకక ముంబయి, పుణె నగరాలకు వలస వెళ్లి మట్టి మోసే తల్లిదండ్రుల వెంట వెళ్లిన బిడ్డ తన ఇష్టంతో ఊరు వదిలిందా? జిద్దాలో డ్రైవరుగా, దుబాయిలో దర్జీగా పనిచేసి కుటుంబాన్ని పోషించే తండ్రి దగ్గర కొన్నేళ్లు చదివిన పిల్లవాడికి ఏ బదిలీ ఉత్తర్వు ఉంటుంది? అధికారికి ప్రభుత్వం కాగితం మీద బదిలీ ఇస్తుంది. కూలీకి కరువు బదిలీ ఇస్తుంది. మొదటిది ఫైలులో కనిపిస్తుంది, రెండోది కనిపించదు. తేడా అంతే. పాలమూరు వలసల గురించి ప్రతి ప్రభుత్వమూ మాట్లాడుతుంది. ఆ వలస కూలీ బిడ్డను ఈ జాబితాలో చేర్చాలన్న ఆలోచన మాత్రం రాలేదు. కోర్టు నిబంధనను సమర్థించింది గాని, మినహాయింపులను పెంచవద్దని ప్రభుత్వం చేతులు కట్టివేయలేదు. మన శాసనసభ్యులను అడగవలసిన ప్రశ్న ఇదే.

ఒకే పిల్లవాడు, నాలుగు లెక్కలు

చాలామందిని అయోమయంలో పడేస్తున్న విషయం మరొకటి ఉంది. స్థానికత అన్ని చోట్లా ఒకే తీరుగా లెక్కించరు.

ఒకటి, రాష్ట్ర వైద్య కళాశాలల ప్రవేశం. ఇక్కడ తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు చూస్తారు.

రెండు, ఎన్.ఐ.టి.లు. వీటిలో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి ఉంటాయి. సొంత రాష్ట్రం అంటే పన్నెండో తరగతి మొదటిసారి ఉత్తీర్ణులైన రాష్ట్రం. ఇల్లు ఎక్కడున్నా, పదో తరగతి ఎక్కడ చదివినా సంబంధం లేదు. కర్నూలులో ఇంటర్ పాసైన గద్వాల అబ్బాయికి వరంగల్ ఎన్.ఐ.టి.లో సొంత రాష్ట్రపు కోటా వర్తించదు. తాడేపల్లిగూడెంలోని ఆంధ్రప్రదేశ్ ఎన్.ఐ.టి.లో వర్తిస్తుంది. ఐ.ఐ.టి.లలో ఇలాంటి రాష్ట్ర కోటాయే లేదు.

మూడు, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలు. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం తెలంగాణలో ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లు ఉన్నాయి. మహబూబ్‌నగర్, నారాయణపేట, జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు జోగులాంబ జోన్‌లోకి వస్తాయి. నేరుగా భర్తీ చేసే పోస్టుల్లో 95 శాతం స్థానికులకే. ఇక్కడ చూసేది ఒకటి నుంచి ఏడో తరగతి వరకు చదువు. అందులో కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ స్థానికుడు. ఇంటర్ ఎక్కడ చదివినా ఈ లెక్క మారదు.

నాలుగు, ఓటు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం సాధారణ నివాసాన్ని చూస్తుంది. హాస్టల్‌లో ఉండే విద్యార్థి ఇంటి వద్ద గాని, చదివే చోట గాని ఓటు నమోదు చేసుకోవచ్చు. రెండు చోట్లా ఉండకూడదు, అంతే.

ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎంత తేడా ఉందో తెలుస్తుంది. ఒకటి నుంచి నాలుగో తరగతి దాకా ముంబయిలో, ఆ తరువాత ఇంటర్ దాకా ఉప్పునుంతల, అచ్చంపేటల్లో చదివిన పిల్లవాడు వైద్య ప్రవేశానికి స్థానికుడే. కాని ఏడు తరగతుల్లో మూడే ఇక్కడ చదివాడు కనుక ఉద్యోగాలకు స్థానికుడు కాడు. అలంపురం అమ్మాయి సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. ఆమె ఉద్యోగాలకు స్థానికురాలే, వైద్య ప్రవేశానికి కాదు. 'మా వాడు లోకలే' అని ఒక్క మాటలో తేల్చేయడం ఎంత ప్రమాదమో దీనివల్ల అర్థమవుతుంది.

మైనారిటీ గురుకులాల్లో పిల్లలను చేర్పించేవారికి ఒక ఊరట. అక్కడ చేరేది సాధారణంగా ఐదో తరగతిలో. ఒకటి నుంచి నాలుగు దాకా సొంత జిల్లాలో చదివి ఉంటే, గురుకులం మరో జిల్లాలో ఉన్నా ఉద్యోగాల స్థానికత చెక్కుచెదరదు. నాలుగేళ్లు అప్పటికే నిండిపోతాయి.

మదరసా విద్యార్థుల విషయం

మన ఇళ్లలో కొందరు పిల్లలను హిఫ్జ్ కోసమో, ఆలిమ్ కోర్సు కోసమో ఇతర రాష్ట్రాల మదరసాలకు పంపుతారు. వారిలో కొందరు తిరిగి వచ్చి ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి రాసి, ఇంటర్‌లో చేరి, పై చదువులకు వెళ్లాలని ఆశిస్తున్నారు. ఇది ఎంతో సంతోషించదగిన పరిణామం. అయితే బడిలో చదవని సంవత్సరాలకు నిబంధన నివాసాన్ని అడుగుతుంది. ఇంట్లో ఉండి ప్రైవేటుగా చదివిన పిల్లవాడికి ఆ నివాసం అండగా నిలుస్తుంది. అవే సంవత్సరాల్లో బయటి రాష్ట్రపు మదరసాలో ఉన్నవాడికి నిలవదు.

పిల్లవాడు అక్కడ ఉండగా ఇక్కడే ఉన్నట్లు నివాస ధ్రువపత్రం సంపాదించడానికి ప్రయత్నించవద్దని గట్టిగా చెబుతున్నాం. మదరసా సనద్ మీద ఉన్న తేదీలే రేపు ఆ పత్రాన్ని అబద్ధమని చూపుతాయి. సీటు పోవడమే గాక కేసు మెడకు చుట్టుకుంటుంది. దానికి బదులు వయసు లెక్క ముందే వేసుకోవడం మంచిది. హిఫ్జ్ ఎనిమిదో తరగతి వయసు నాటికి పూర్తయ్యేలా చూసి, తొమ్మిది నుంచి ఇక్కడే చదివిస్తే నాలుగేళ్లూ నిండుతాయి. లేదా బడి చదువు కూడా చెప్పే మదరసాను మన రాష్ట్రంలోనే వెతకవచ్చు.

అమెరికాలోనూ ఇదే ప్రశ్న

చదువుకోసం ఇల్లు వదిలిన విద్యార్థి ఎక్కడివాడన్న ప్రశ్న మనకొక్కరికే కాదు. అమెరికాలో ఒక్కో రాష్ట్రానికి ఒక్కో చట్టం. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో స్థానికులకు ఒక ఫీజు, బయటి రాష్ట్రం వారికి అంతకంటే చాలా ఎక్కువ ఫీజు. కనెక్టికట్ రాష్ట్రం, బయటి నుంచి వచ్చిన విద్యార్థిని చదువు ముగిసేదాకా బయటివాడిగానే పరిగణించాలని, తాను నిజంగా స్థిరపడ్డానని రుజువు చూపే అవకాశమే ఇవ్వకూడదని నిబంధన పెడితే, 1973లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. రుజువు అడగండి, కాని రుజువు చూపే దారి మూసివేయకండి అన్నది ఆ తీర్పు సారాంశం. మన హైకోర్టు 2024లో శాశ్వత నివాసులకు తెరవబోయిన దారి కూడా ఇటువంటిదే. మన సుప్రీంకోర్టు అందుకు ఒప్పుకోలేదు.

ఆయుధాల విషయంలోనూ అక్కడ ఇదే చిక్కు వచ్చింది. తుపాకీ కొనేవాడు ఏ రాష్ట్ర నివాసి అన్నదాన్ని బట్టి చట్టం వర్తిస్తుంది. ఇల్లు ఒక రాష్ట్రంలో, కాలేజీ హాస్టల్ మరో రాష్ట్రంలో ఉన్న విద్యార్థి మాటేమిటి? కాలేజీ నడిచే నెలల్లో కాలేజీ ఉన్న రాష్ట్రపు నివాసిగా, సెలవుల్లో ఇంటికి వెళితే ఇల్లున్న రాష్ట్రపు నివాసిగా చూడాలని ఫెడరల్ విభాగం 1980లో తేల్చింది. ఆయుధం వెంట తీసుకెళ్లే అనుమతికి మాత్రం ప్రతి రాష్ట్రానికీ దాని సొంత షరతులు ఉన్నాయి. ఇది అమెరికా పౌరుల సంగతి. మన దేశం నుంచి విద్యార్థి వీసాపై వెళ్లినవారు తుపాకీ కలిగి ఉండటాన్ని కొద్ది మినహాయింపులు తప్ప ఫెడరల్ చట్టం నిషేధించింది. అక్కడ చదివే మన పిల్లలు స్నేహితుల మాట విని ఆ జోలికి పోరాదు.

ఈ విదేశీ ఉదాహరణలు చెప్పడంలో మా ఉద్దేశం ఒక్కటే. ఎక్కడైనా విద్యార్థికి రెండు ఇళ్లుంటాయి. అతడి రెండు ఇళ్లలో కనీసం ఒకదాన్ని చట్టం ఒప్పుకోవాలి. రెండూ కాదనే చట్టం ఎక్కడున్నా దాన్ని సవరించుకోవలసిందే.

ఇప్పుడు మనం చేయవలసింది

చట్టం మారేదాకా కూర్చోలేం. పిల్లల ఏళ్లు ఆగవు. అందుకే తల్లిదండ్రులు ఈ కింది విషయాలను గుర్తుంచుకోవాలి.

పిల్లవాడు ఎనిమిదో తరగతిలో ఉండగానే కుటుంబమంతా కూర్చుని మాట్లాడుకోవాలి. డాక్టరు చదువు ఆశ ఉంటే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా తెలంగాణ దాటించవద్దు. బంధువుల ఇంటి సౌకర్యం కావాలంటే హైదరాబాద్‌లో, మహబూబ్‌నగర్‌లో ఎవరున్నారో చూడాలి. పై చదువు ఆర్ట్స్ వైపో, ఐ.ఐ.టి. వైపో అయితే ఈ నిబంధనకు అంతగా భయపడనక్కరలేదు.

ఇప్పటికే బయట చదువుతున్న పిల్లలున్నవారు నిరాశ చెందవద్దు. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో 15 శాతం అఖిల భారత కోటా సీట్లకు స్థానికత అవసరం లేదు. ఇంజనీరింగ్ వంటి కోర్సులకు 2025 ఫిబ్రవరి 27 నాటి 15వ నంబరు జీవో ప్రకారం స్థానికులకు పోగా మిగిలిన 15 శాతం సీట్లలో, బయట చదివిన కాలాన్ని మినహాయించి మొత్తం పదేళ్లు తెలంగాణలో నివసించినవారు కూడా పోటీపడవచ్చు. తల్లిదండ్రుల్లో ఒకరు బయట ఉద్యోగం చేసిన కాలాన్ని మినహాయించి పదేళ్లు ఇక్కడ నివసించినా సరిపోతుంది. గల్ఫ్ వెళ్లి వచ్చిన కుటుంబాలకు ఇది ఉపయోగపడే వెసులుబాటు. అలంపురం అమ్మాయి వంటి పిల్లలకూ ఈ తలుపు తెరిచే ఉంటుంది. ఏ సంవత్సరానికి ఆ సంవత్సరపు నోటిఫికేషన్‌ను పూర్తిగా చదివి, నిబంధనలు సరిచూసుకున్నాకే దరఖాస్తు చేయాలి.

కాగితాల విషయంలో అలసత్వం వద్దు. ఒకటి నుంచి ఇంటర్ దాకా ప్రతి తరగతికీ స్టడీ సర్టిఫికెట్లు తీసి ఒకే కవరులో పెట్టాలి. ప్రైవేటు పాఠశాలలు మూతపడితే వాటి కోసం మండల విద్యాధికారి కార్యాలయం చుట్టూ తిరగవలసి వస్తుంది. బడి వదిలిన రోజే అడిగి తీసుకుంటే ఆ బాధ ఉండదు. టీసీలో, ఆధార్‌లో, పదో తరగతి మెమోలో పేరు ఒకే తీరుగా ఉందో లేదో చూడాలి. మహమ్మద్, మొహమ్మద్, ఎం.డి. అని మూడు చోట్ల మూడు తీర్లుగా రాసినందువల్ల ఇబ్బంది పడిన కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. బడి చదువు మానేసి ఇంట్లో ఉన్న సంవత్సరాలుంటే, వాటికి మీసేవ ద్వారా తహసీల్దారు నుంచి నివాస ధ్రువపత్రం వెంటనే తీసుకోవాలి.

మసీదు కమిటీలు, యువజన సంఘాలు ఏడాదికి ఒక్క రోజు, పదో తరగతి పరీక్షలు ముగిసిన వారంలో, ఒక ఉపాధ్యాయుడినో న్యాయవాదినో పిలిచి తల్లిదండ్రులకు ఈ లెక్క విడమరచి చెప్పించవచ్చు. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. ఒక నల్లబల్ల, ఒక గంట సమయం చాలు. ఆ గంట లేకపోవడం వల్ల ఒక బిడ్డ డాక్టరు కాలేకపోతే ఆ నష్టాన్ని ఎవరు పూడుస్తారు?

ఇక ప్రభుత్వానికి మా మనవి ఒక్కటే. నిబంధనను ఎత్తివేయమని మేము కోరడం లేదు. ఉద్యోగి బిడ్డకు ఇచ్చిన మినహాయింపును వలస కూలీ బిడ్డకు కూడా ఇవ్వండి. ఎనిమిదేళ్లో పదేళ్లో ఇక్కడే చదివి, పక్క జిల్లా వంటి పక్క రాష్ట్రంలో రెండేళ్లు ఇంటర్ చదివిన సరిహద్దు మండలాల పిల్లలకు పాత ఏడేళ్ల లెక్కను తిరిగి వర్తింపజేయండి. ఆ లెక్క కొత్తది కాదు, 1974 నుంచి ఉన్నదే. దాన్ని తీసివేసినప్పుడు నష్టపోయేది లక్షలు పోసి చదివించగలవారు కాదు. వారికి యాజమాన్య కోటా ఎలాగూ ఉంది. నష్టపోయేది ఖాలా ఇంట్లో చాప పరచుకుని చదివిన పిల్లలే.